వరంగల్‌లో ఇంటి పర్మిషన్: ఏ దారి ఎవరికి కుదురుతుంది

హన్మకొండలో ప్లాన్ గీసే ఇంజనీరు దగ్గర కూర్చోగానే చాలామంది ముందుగా అడిగేది, "పర్మిషన్‌కు ఎంతయితది, ఎన్ని రోజులయితది?" అని. అడగాల్సిందే, కానీ అది రెండో ప్రశ్న. స్థలం ఎన్ని గజాలు, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు, ఆ స్థలం కార్పొరేషన్‌లో ఉందా పంచాయతీలో ఉందా, పక్కన చెరువో కోటో ఉందా అన్నవి తేలితేనే మన ముందు ఎన్ని దార్లున్నాయో తెలుస్తుంది. త్వరగా వచ్చే దారే మంచి దారి అనుకుని దిగినవాళ్లు, ఇల్లు అమ్మేటప్పుడో బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడో ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఈ దార్లను వేగంతో కాకుండా, పదేళ్ల తర్వాత చేతిలో ఏ కాగితం మిగులుతుందన్న లెక్కతో పోల్చి చెబుతాను.

తెలంగాణలో పట్టణ అనుమతులకు పునాది 2020లో వచ్చిన చట్టం. ఆ ఏడాది నవంబర్‌లో ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే పోర్టల్ టీఎస్ బీపాస్ మొదలైంది, తర్వాత దాని పేరు టీజీ బీపాస్ అయింది. 2025లో ప్రభుత్వం బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థకు మారడం మొదలుపెట్టింది. పోర్టల్ పేరు ఏదైనా అసలు విభజన ఒకటే. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి అక్కర్లేదు, పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. అది దాటి 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. స్థలం కానీ ఎత్తు కానీ అంతకు మించితే సింగిల్ విండో, అంటే అన్ని శాఖల అనుమతులకూ ఒకే దరఖాస్తు, గడువు 21 రోజులు.

75 గజాల వాళ్లకు ఒక రూపాయి రిజిస్ట్రేషన్ నిజంగా మేలు చేసిన ఏర్పాటు. శివనగర్, కరీమాబాద్ లాంటి చోట్ల చిన్న స్థలంలో రెండు గదులు వేసుకునే కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని తప్పింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారని, ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) కూడా అడగరు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. అన్నదమ్ములు 150 గజాలను మౌఖికంగా చెరి సగం పంచుకుని, "మాది 75 గజాలే" అని ఎవరికి వారు రిజిస్ట్రేషన్ చేసుకోవడం మంచిది కాదు. పంపకం ముందు కాగితం మీదికి రావాలి, రిజిస్టర్ కావాలి. అది కుదరకపోతే ఇద్దరూ కలిసి 150 గజాలకు ఒకే ప్లాన్ పెట్టుకుని, పై అంతస్తు ఒకరికి, కింది అంతస్తు ఒకరికి రాసుకోవడం మేలు. బ్యాంకు లోను కావాలనుకునేవాళ్లు మాత్రం ముందే మేనేజర్‌ను అడగాలి. చాలా బ్యాంకులకు మంజూరైన ప్లాన్ కావాలి, రిజిస్ట్రేషన్ రసీదు ఒక్కటే వాటికి సరిపోకపోవచ్చు.

స్వీయ ధ్రువీకరణ: సంతకం మనది, బాధ్యతా మనదే

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఎక్కువ ఇళ్లు ఈ వరుసలోకే వస్తాయి. 120 గజాలు, 150, 200, 240. వివరాలు నింపి, డాక్యుమెంట్లు ఎక్కించి, ఫీజు కట్టగానే అనుమతి పత్రం చేతికొస్తుంది. "ఆఫీసోళ్లు చూసిండ్రు, ఓకే అన్నరు" అని చాలామంది అనుకుంటారు. వాళ్లు ఇంకా చూడలేదు. నేను చెప్పినవన్నీ నిజమని మనం సంతకం పెట్టాం, ఆ మాట మీద అనుమతి ఇచ్చారు. తనిఖీ తర్వాత జరుగుతుంది. స్థలం మీద తగాదా ఉందని, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఉందని, కొలతలు తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, కట్టింది కూలగొట్టే అధికారమూ వాళ్లకు ఉంది. పాత పద్ధతిలో బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి, కొలిచి, అభ్యంతరం పెట్టేవాడు. ఆలస్యమైనా తప్పు ముందే బయటపడేది. ఇప్పుడు ఆ పని మనమే మన డబ్బుతో ముందే చేయించుకోవాలి. సర్వేయర్‌తో హద్దులు కొలిపించడం, ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయడం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించడం ఇందులోకే వస్తాయి. అనుమతి ఒక్క రోజులో వస్తుంది కాబట్టి ఈ పనులకు నెల పట్టినా తొందరపడకండి.

ఈ వరుసలోనే అసలైన ఎంపిక ఒకటి ఉంది. జీ ప్లస్ వన్ (కింది అంతస్తు, పైన ఒకటి) వేయాలా, జీ ప్లస్ టూ (పైన రెండు) వేయాలా? దీన్ని బడ్జెట్ విషయంగానే చూస్తారు. నిబంధనల్లో తేడా ఏంటో చూడండి.

స్థలం 200 చదరపు మీటర్ల లోపు, అంటే దాదాపు 240 గజాల లోపు ఉండి, ఎత్తు 7 మీటర్లు దాటకపోతే తాకట్టు లేదు. ఎత్తు 10 మీటర్లకు వెళ్లినా, స్థలం 200 చదరపు మీటర్లు దాటినా, నిర్మాణంలో 10 శాతం భాగాన్ని కార్పొరేషన్ పేరున సబ్ రిజిస్ట్రార్ దగ్గర తాకట్టు పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టినట్టు తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక దాన్ని విడిపించుకుంటాం. అంటే జీ ప్లస్ టూ అంటే మూడో అంతస్తు సిమెంటు, ఇనుము ఖర్చు ఒక్కటే కాదు. ఒక రిజిస్ట్రేషన్, దాన్ని విడిపించుకునే పని కూడా నెత్తిన పడతాయి. ప్లాన్ దాటి కట్టినవాళ్లు ఆ తాకట్టు అలాగే ఉండిపోయి, ఇల్లు అమ్మబోయే రోజున ఈసీలో చూసి కంగారు పడుతుంటారు.

7 మీటర్లంటే దాదాపు 23 అడుగులు. రెండు అంతస్తులకు సరిపోతుందని అందరూ అనుకుంటారు, సరిపోతుంది కూడా. కానీ మన ఊళ్లో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుందని, వానొస్తే నీళ్లు లోపలికొస్తాయని పునాది మట్టాన్ని నాలుగు అడుగుల దాకా లేపుతున్నారు. ఎత్తు లెక్క ముందున్న రోడ్డు మట్టం నుంచే మొదలవుతుంది. నాలుగు అడుగులు పునాదికి పోతే మిగిలేది 19 అడుగులు, స్లాబుతో కలిపి అంతస్తుకు తొమ్మిదిన్నర. ఎండాకాలంలో వరంగల్ వేడికి ఆ ఎత్తు చాలదు. రెండున్నర అడుగుల పునాది పెట్టుకుంటే అంతస్తుకు పది అడుగుల పైన దొరుకుతుంది. మీ వీధిలో నీళ్లు నిలుస్తాయా లేదా అన్నది చూసుకుని ఈ లెక్క ముందే వేసుకోండి. వాన నీళ్లు చేరే వీధి అయితే 10 మీటర్ల వరుసలోకి వెళ్లి తాకట్టు పెట్టుకోవడమే నయం.

నా సలహా ఇది: పిల్లలు ఇద్దరుండి, మూడో అంతస్తు ఎప్పటికైనా తప్పదనుకునేవాళ్లు మొదట్లోనే జీ ప్లస్ టూకు ప్లాన్ తీసుకుని, పిల్లర్లు దానికి తగ్గట్టు వేయించుకోవాలి. "ఇప్పుడు జీ ప్లస్ వన్‌కు తీసుకుందాం, పైన తర్వాత సప్పుడు చెయ్యకుండ వేసుకుందాం" అనేది అన్నిటికన్నా నష్టం తెచ్చే ఆలోచన. పైన పెంట్‌హౌస్ పేరుతో వేసే గది కూడా అంతస్తే అవుతుంది, ఎత్తు లెక్కలోకే వస్తుంది.

150 గజాల్లో నిజంగా ఎంత కట్టుకోవచ్చు

ఒక మామూలు స్థలం తీసుకుందాం. రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 45 అడుగులు. 1350 చదరపు అడుగులు, 150 గజాలు, సుమారు 125 చదరపు మీటర్లు. 2012 నాటి 168 జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, ముందు చిన్న రోడ్డే ఉంటే ముందు వైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అడుగుల్లో చెబితే ముందు దాదాపు 5, మిగతా మూడు పక్కలా మూడుంబావు. వెడల్పులో 23 అడుగుల చిల్లర, పొడవులో 37 అడుగులకు కాస్త తక్కువ మిగులుతుంది. అంతస్తుకు సుమారు 860 చదరపు అడుగులు. రెండు పడక గదుల ఇంటికి ఇది ఇరుకేమీ కాదు.

ఇక్కడ వాస్తు గొడవ వస్తుంది. తూర్పు, ఉత్తరం ఎక్కువ వదలాలి, దక్షిణం, పడమర తక్కువ వదలాలి అంటారు. ఆ మాట పట్టుకుని దక్షిణం గోడను పక్కింటి గోడకు ఆనించి కట్టడం మన దగ్గర మామూలైపోయింది. తక్కువ వదలమన్నది వాస్తు, అసలు వదలొద్దని ఎవరూ అనలేదు. దక్షిణం, పడమరల్లో నిబంధన అడిగిన మూడుంబావు అడుగులు వదిలి, తూర్పు, ఉత్తరాల్లో ఇంకో అడుగు ఎక్కువిస్తే రెండూ నెరవేరతాయి. ఈ మాట మేస్త్రీకి ముగ్గు పోసే రోజునే చెప్పాలి. పునాది తీశాక అరడుగు జరపడం ఎవరి తరమూ కాదు.

"పది శాతం దాకా తప్పినా నడుస్తది" అనే మాట కూడా చాలా తిప్పలు పెడుతోంది. ముందు వైపు కాకుండా మిగతా సెట్‌బ్యాక్‌లో, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీలో, 10 శాతం లోపు తేడాను జరిమానాతో సర్దుబాటు చేసే నిబంధన ఉన్నమాట నిజమే. కానీ మీటరులో 10 శాతం అంటే 10 సెంటీమీటర్లు, నాలుగు వేళ్ల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. అది ప్లాస్టరింగు మందంలో వచ్చే తేడాకు పనికొస్తుంది, మెట్లు పక్కకు జరపడానికి కాదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. గిర్మాజీపేట, మట్టెవాడ, హన్మకొండ కుమార్‌పల్లి లాంటి పాత బస్తీల్లో 20 అడుగుల వీధులే ఎక్కువ. ఇల్లు కొత్తగా కడితే వీధి 9 మీటర్లు, అంటే 30 అడుగులు అయ్యేలా రోడ్డు మధ్య నుంచి నాలుగున్నర మీటర్లు వదలమంటారు. 20 అడుగుల రోడ్డులో మధ్య నుంచి మన గోడ దాకా ఉన్నది 10 అడుగులే. కాబట్టి దాదాపు ఐదడుగుల పట్టీ మన స్థలంలోంచి రోడ్డుకు పోతుంది, ఆ తర్వాతే ముందు సెట్‌బ్యాక్ మొదలవుతుంది. పైన చెప్పిన 150 గజాల స్థలమే ఇలాంటి వీధిలో ఉంటే 45 అడుగుల పొడవు 40కి తగ్గి, అంతస్తుకు 860 కాదు, సుమారు 750 చదరపు అడుగులే మిగులుతాయి. స్థలం కొనేటప్పుడు ఈ వంద చదరపు అడుగుల తేడాను ధరలో ఎవరూ చూసుకోరు. నేనైతే పాత బస్తీలో ఏ ప్లాటు చూసినా టేపు పట్టి ముందు రోడ్డు కొలుస్తాను, తర్వాతే ధర అడుగుతాను.

పెద్ద రోడ్ల పక్కనున్న వాళ్లు మాస్టర్ ప్లాన్ కూడా చూడాలి. వరంగల్‌కు దశాబ్దాల పాటు 1970ల నాటి ప్లానే దిక్కయింది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మనం కుడా అనేది, తయారుచేసిన 2041 మాస్టర్ ప్లాన్‌కు 2024 నవంబర్‌లో ప్రభుత్వ ఆమోదం వచ్చింది. మీ వీధి అందులో ఎన్ని అడుగుల రోడ్డుగా ఉందో, మీ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందో వేరేదానిలో ఉందో చూడకుండా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. మాస్టర్ ప్లాన్ రోడ్డు కింద స్థలం పోతే దానికి బదులు సెట్‌బ్యాక్‌లో సడలింపు కానీ, టీడీఆర్ హక్కు (పోయిన స్థలానికి బదులు వేరేచోట కట్టుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే హక్కు) కానీ అడిగే వీలుంది. అడక్కుండా వదిలేస్తే ఎవరూ పిలిచి ఇవ్వరు.

పాత ఇల్లు: బాగు చేయించాలా, పైన వేయాలా, కూల్చి కట్టాలా

రోడ్డు లెక్క తెలిశాక ఈ ప్రశ్నకు జవాబు మారిపోతుంది. పాత ఇంటి గోడ రోడ్డు అంచునే ఉండి, లోపల గట్టిగా ఉంటే, కూల్చగానే ఐదడుగులు రోడ్డుకు, ఐదడుగులు సెట్‌బ్యాక్‌కు పోతాయి. 100 గజాల ఇంటికి అది చాలా పెద్ద దెబ్బ. అలాంటి వాళ్లకు నేను ముందు మరమ్మతే చూడమంటాను. ప్లాస్టరింగు, కొత్త ఫ్లోరింగు, కరెంటు వైరింగు, నీళ్ల పైపులు మార్చడం, తలుపులు, కిటికీల చెక్కలు మార్చడం వంటి వాటికి ప్లాన్ మంజూరు అక్కర్లేదు. పెంకులు తీసి మళ్లీ పెంకులే వేసినా అంతే. కానీ పెంకుల చోట స్లాబు వేస్తే, గోడలు కొత్త చోటికి జరిపితే, వరండాను గదిగా మూస్తే అది మరమ్మతు కాదు, మార్పు. దానికి అనుమతి కావాలి. ఇంటి ముందు గదిని కిరాణా షాపుకు ఇవ్వడం కూడా వాడకం మార్చడమే అవుతుంది. ఇంటిపన్ను లెక్క కూడా మారుతుంది.

పైన అంతస్తు వేయాలనుకునే వాళ్లు ముందుగా వెతకాల్సింది పాత పర్మిషన్ కాగితం. అది ఉండి, కింది అంతస్తు దాని ప్రకారమే ఉంటే అదనపు అంతస్తుకు దారి సులభం. కాగితం లేదు, లేదా కింది ఇల్లు మూడు వైపులా గోడకు గోడ ఆనించి ఉందంటే, పై అంతస్తుకు స్వీయ ధ్రువీకరణ పెట్టడం అబద్ధం మీద సంతకం పెట్టడమే. పిల్లర్లు లేని రాతి గోడల ఇళ్ల మీద స్లాబు వేసేముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాల్సిందే, అందులో బేరం లేదు. నా లెక్కలో, స్థలం 150 గజాలు దాటి, రోడ్డు 30 అడుగులుండి, ఇల్లు ముప్పై ఏళ్లు దాటితే కూల్చి కట్టడమే లాభం. స్థలం అంతకన్నా చిన్నదై, సందు ఇరుకైతే మరమ్మతు. మధ్యలో ఉన్నవాళ్లు పైన చెప్పిన కొలతలు వేసి చూసుకోవాలి.

ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల వాళ్లకు ఈ ఎంపికే వేరు. ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ అనుమతితోనే కట్టాలి. దూరం లెక్క గుడి మెట్ల నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి. కోటలో అయితే ఆ హద్దులు చాలా దూరం పరచుకుని ఉన్నాయి, మట్టికోట గోడ పక్కనున్న ఇల్లు కూడా అందులోకి రావచ్చు. 100 మీటర్ల లోపు పాత ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, దానికీ ముందుగా అనుమతి కావాలి. కార్పొరేషన్ పోర్టల్‌లో అనుమతి వచ్చినా పురావస్తు శాఖ అనుమతి లేకపోతే అది నిలవదు. ఖిలాలో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలకు ఇది న్యాయంగా అనిపించకపోవచ్చు, వాళ్ల బాధ నిజమైనదే. అయినా ఈ ఒక్క విషయంలో ధైర్యం చేయమని నేను ఎవరికీ చెప్పను. ఇల్లు కూల్చి మళ్లీ కట్టుకోవచ్చనుకుని పాతది పడగొట్టాక కొత్తదానికి అనుమతి రాకపోతే, ఉన్న ఇల్లు కూడా పోతుంది.

చెరువుల దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. పది హెక్టార్లు లేదా అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల చుట్టూ, నయీంనగర్ నాలా వెంట స్థలం చూసేవాళ్లకు 2020 ఆగస్టు, 2023 జులై వరదలు గుర్తుంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. "రిజిస్ట్రేషన్ అయ్యింది కదా" అనేది ఇక్కడ జవాబు కాదు. రిజిస్ట్రేషన్ అమ్మకానికి సాక్ష్యం, కట్టుకోవడానికి అనుమతి కాదు. ఇరిగేషన్ శాఖ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకున్నాకే ముందుకు కదలండి.

కార్పొరేషన్ దాటితే

ధర్మసాగర్, ఆత్మకూర్, సంగెం వైపు స్థలం చవక. పర్మిషన్ కూడా పంచాయతీలో సులువు అనే నమ్మకం ఉంది. 300 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి పంచాయతీ అనుమతి ఇవ్వగలదు. దాటితే సాంకేతిక ఆమోదం పైనుంచి రావాలి. కాబట్టి 350 గజాల లోపు స్థలంలో సొంతిల్లు కట్టుకునేవాళ్లకు పంచాయతీ దారి చాలు. కానీ లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. "పంచాయతీ లేఅవుట్" అని అమ్మే ప్లాట్లలో అసలు చిక్కు అక్కడే ఉంది. వ్యవసాయ భూమిని నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పిడి) చేయకుండా గుంటల లెక్కన అమ్ముతున్నచోట ఇల్లు కట్టాలనే ఆలోచనే పెట్టుకోవద్దు. గుంటంటే 121 గజాలు, ధర చూస్తే నోరూరుతుంది, కానీ అది పొలమే. రెవెన్యూ రికార్డుల్లో వ్యవసాయేతర భూమిగా మారాకే ఇంటి అనుమతి మాట.

2013లో 42 గ్రామాలు వరంగల్ కార్పొరేషన్‌లో కలిశాయి. అలాంటి చోట్ల గ్రామకంఠం (ఊరి పాత నివాస స్థలం) ఇళ్లకు రిజిస్టర్ డాక్యుమెంటు ఉండదు, తాతల నాటి ఇంటిపన్ను రసీదులే ఉంటాయి. ఆ రసీదులు పారేయొద్దు. ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణకు వెళ్లే ముందు వారసుల మధ్య పంపకం రిజిస్టర్ చేయించుకుంటే, ఆ తర్వాత దారి మామూలుదే అవుతుంది. నోటరీ కాగితం మీద కొన్న ప్లాటు మాత్రం వేరు. దానికి ముందు యాజమాన్యం తేలాలి, పర్మిషన్ తర్వాతి మెట్టు.

అనధికార లేఅవుట్‌లో ప్లాటున్న వాళ్లకు ఎల్‌ఆర్‌ఎస్, అంటే ఫీజు కట్టి ఆ ప్లాటును క్రమబద్ధం చేయించుకునే పథకం. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకు ఆ ఏడాది వెయ్యి రూపాయలతో దరఖాస్తులు తీసుకున్నారు. 2025లో ఫీజుపై 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ ఇందులో పెద్ద భారం. ఇప్పుడు ప్లాటు కొనేవాళ్లు రెండింటిని పోల్చండి. ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) చేతిలో ఉన్న ప్లాటు, లేనిది. గజానికి వెయ్యి రూపాయలు తక్కువకు వస్తుందని లేనిది కొంటే, ఆ తేడా అంతా పర్మిషన్ రోజున కట్టాల్సి రావచ్చు. దరఖాస్తు రసీదును చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ అయ్యింది" అనేవాళ్లుంటారు. అడగాల్సింది రసీదు కాదు, ప్రొసీడింగ్స్.

సింగిల్ విండో గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అక్కడికి వెళ్లేవాళ్లకు ఇంజనీరు తప్పనిసరి. 600 గజాలు దాటిన స్థలం, నాలుగంతస్తులు, ఫంక్షన్ హాలు, ఆస్పత్రి, అపార్టుమెంటు ఇందులోకి వస్తాయి. 21 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే అని చట్టం చెబుతోంది గానీ, ఒక్క డాక్యుమెంటు తక్కువైతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చే స్థల యజమానులు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సంగతి మర్చిపోవద్దు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ కావాలి. ఒప్పందం రాసుకునేటప్పుడు పర్మిషన్, రెరా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మూడూ ఎవరి బాధ్యతో స్పష్టంగా రాయించుకోండి.

ఎవరితో పెట్టించాలి, అసలు పెట్టకపోతే ఏమవుతుంది

దరఖాస్తు మనమే పెట్టుకోవచ్చు, లైసెన్స్ ఉన్న ఇంజనీరుతో పెట్టించవచ్చు, మధ్యవర్తికి అప్పజెప్పవచ్చు. 75 గజాల రిజిస్ట్రేషన్ అయితే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలు చేయగలరు. ఆపైన లైసెన్స్ ఉన్న ఇంజనీరే సరి. గీతలో తప్పుంటే ఆయన లైసెన్స్‌కు కూడా బాధ్యత ఉంటుంది, అదే మనకు రక్షణ. మధ్యవర్తికి అప్పజెప్పినా ఒక్క షరతు మీద అప్పజెప్పండి. లాగిన్‌లో పెట్టే ఫోన్ నంబరు మీదే కావాలి. ఓటీపీ వేరేవాళ్ల ఫోనుకు వెళ్తే ఏ కొలతలు ఎక్కించారో, ఏ రోడ్డు వెడల్పు చూపించారో మీకు తెలియదు. సంతకం మాత్రం మీ పేరున ఉంటుంది. ఫీజు కూడా ఆన్‌లైన్‌లో మీరే కట్టి చలానా దగ్గర పెట్టుకోండి. నిర్మాణ ఖర్చు నిర్ణీత పరిమితి దాటితే కార్మిక సెస్సు కూడా ఉంటుంది, అంచనాలో దాన్ని కలుపుకోండి.

ఇక చివరి దారి, చాలామంది మనసులో ఉండేది: "ముందు కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేపిద్దాం." 2015లో వచ్చిన బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ ఆ ఏడాది అక్టోబర్ 28 నాటికి ఉన్న కట్టడాలకే, అదీ హైకోర్టులో చిక్కుకుపోయింది. దాన్ని చూసి ఇప్పుడు పునాది తీసేవాళ్లకు ఏ ఆశా లేదు. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు, బ్యాంకు లోన్లు ఇవ్వాలని, మంజూరైన ప్లాన్‌ను కట్టే చోట అందరికీ కనిపించేలా పెట్టాలని. పక్కింటి వాళ్లు నడిపించుకున్నారన్నది లెక్క కాదు, ఆ ఇల్లు అమ్మేరోజు ఎలా ఉంటుందో వాళ్లకే తెలియదు.

పునాదికి ముగ్గు పోసే రోజున మంజూరైన ప్లాన్ ప్రింటు తీసి, లామినేషన్ చేయించి మేస్త్రీ చేతికివ్వండి. ఇంజనీరును మూడుసార్లు తప్పకుండా రప్పించండి: పునాది గుంతలు తీసినప్పుడు, ప్లింత్ బీమ్ దగ్గర, మొదటి స్లాబు సెంట్రింగు కొట్టినప్పుడు. మూడుసార్లూ నాలుగు వైపులా సెట్‌బ్యాక్ కొలతలు టేపుతో సహా ఫోటో తీసి, తేదీ రాసి, అనుమతి పత్రం, చలానాలు, ఈసీ, లింకు డాక్యుమెంట్లతో కలిపి ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టే రోజున ఆ ఫైలు ఒక్కటి తీసుకెళ్తే చాలు.